కొవ్వుకు అర్థం

3 ఫిబ్రవరి, సోమవారం

ఈ డైరీలో పెంగ్విన్ల గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదనుకున్నాను. మొదటి వాక్యంలోనే వచ్చి కూర్చున్నాయి.

బళ్ళో ఎక్కడ చూసినా అవే. గోడల మీద అవే, పిల్లల నోళ్ళలో అవే. పదకొండేళ్ళుగా ఈ నవాగామ్ బాలవాడిలో "పె" అంటే పెన్ను. ఈరోజు బోర్డు మీద "పె" రాసి, ఏమిటర్రా అని అడిగితే ఇరవై రెండు మందీ ఒక్క గొంతుతో పెంగ్విన్ అన్నారు. పెన్ను నా చేతిలోనే ఉంది. ఒక్కరూ దాని వంక చూడలేదు.

ఈ పెంగ్విన్లను తెచ్చిపెట్టిన సుప్రజ బళ్ళో చేరి సరిగ్గా నెల. మొగుడు హజీరాలో ఇంజనీరు, ఇల్లు అడాజన్‌లో. అక్కణ్ణుంచి స్కూటీ మీద వస్తుంది. ఇంట్లో తోచక వస్తోందని నేనంటాను, పిల్లలంటే ప్రాణమని త్రివిక్రమరావు సారు అంటాడు. సారు రైల్వేలో రిటైరై, సూరత్‌లో పుట్టిన మన పిల్లలకు తెలుగు అక్షరం ముక్క తెలియాలని ఈ బడి పెట్టాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోతున్నాడు. జూన్ నుంచి బడి మొత్తం ఒక ఇన్‌చార్జి టీచరుకు అప్పగిస్తానన్నాడు. ఆ టీచరు ఎవరో పోయిన నెల దాకా నాకు అనుమానమే లేదు.

ఈ డైరీ పోయిన దీపావళిది. మార్కెట్లో చీరల సేఠ్ మా ఆయనకిచ్చాడు. పేజీకో చీర బొమ్మ ఉంది. ఈ పేజీది నీలం చీర. బాగుంది.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. నెలైంది కదా, ఇక వింత తగ్గుతుంది.

6 ఫిబ్రవరి, గురువారం

తగ్గలేదు.

7 ఫిబ్రవరి, శుక్రవారం

గోడ మీద నా చార్టు ఒకటుంది. ఆరేళ్ళ కిందట నా చేత్తో వేసింది. మంచు, మంచు మీద తెల్ల ఎలుగుబంటి, దాని పక్కన పెంగ్విన్. అప్పట్లో సారు చూసి, వెంకటలక్ష్మమ్మ చేతిలో కళ ఉందన్నాడు.

ఈరోజు ఆవిడగారు పెద్ద రబ్బరు బంతి ఒకటి తెచ్చింది. ఇది భూమి అంది. బంతి నెత్తిన ఎలుగుబంటి స్టిక్కరు, అడుగున పెంగ్విన్ స్టిక్కరు అంటించింది. "ఇవి రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూళ్ళేదమ్మా. ఒకటి పై కొసన, ఒకటి కింది కొసన" అని చెప్పింది. నా చార్టు తప్పని మాత్రం అనలేదు. దాని వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అందును.

చూసింది భావన. ఐదేళ్ళ పిల్ల. బంతినీ చార్టునూ మార్చి మార్చి చూసి, "లక్ష్మి టీచర్, నీ ఎలుగు రాంగ్ స్టేషన్ల దిగింది" అంది.

అందరూ నవ్వారు. సుప్రజ కూడా నవ్వు ఆపుకుంది. ఆపుకున్న నవ్వు నాకు ఇంకా బాగా కనిపించింది.

భావన అన్నందుకు బాధ. ఇంకెవరన్నా పట్టించుకునేదాన్ని కాదు. మూడేళ్ళప్పుడు బడికి వచ్చినప్పుడు దానికి తెలుగు పట్టుమని పది మాటలు రావు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కింద దుకాణంలో గుజరాతీ, మూడూ కలిపి ముద్ద చేసి మాట్లాడేది. నా కొంగు పట్టుకుని తిరుగుతూ కనిపించిన ప్రతి మాటకీ "అంటే ఏంది?" అని అడిగేది. గూడు అంటే ఏంది. అలక అంటే ఏంది. నేను హిందీలోనో గుజరాతీలోనో చెప్పేదాన్ని. సుప్రజకు హిందీ అంతంత మాత్రం, గుజరాతీ అసలే రాదు. ఈ ఒక్క పనికీ ఇప్పటికీ పిల్లలు నా దగ్గరికే రావాలి.

చార్టు తీసేశాను. గోడకు మేకు మిగిలింది.

11 ఫిబ్రవరి, మంగళవారం

గుడ్డు ఆట. పెంగ్విన్ తండ్రి గుడ్డును పాదాల మీద పెట్టుకుని, నేలకు తగలనీయకుండా నెలలు నెలలు నిలబడతాడట. తల్లి సముద్రానికి మేతకు పోతుందట. ఉడికించిన గుడ్లు తెస్తానంది. ఈ మేడలో గుడ్డు మెట్లెక్కకూడదని నేనే చెప్పాను. కింద గోడౌను పెట్టుకున్న ఓనరు కాకా బడికి హాలు అద్దెకిచ్చిందే ఆ షరతు మీద. సుప్రజ బుగ్గ మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, నాకు తెలీదండీ. మీరు చెప్పబట్టి బతికిపోయాను" అంది. తెలియనివ్వకుండా ఊరుకోవాల్సింది.

గుడ్లకు బదులు దారపు ఉండలు పెట్టింది. పిల్లలు ఉండల్ని పాదాల మీద మోస్తూ హాలంతా బుడిబుడి అడుగులు వేశారు. తండ్రి ఎందుకు మోస్తాడు అని అడిగితే భావన లేచి చెప్పింది, "మా బాపు గూడ గంతే. రాత్రి లూమ్ నడుపుతడు. పగలు అమ్మ మార్కెట్‌కి పోతే నన్ను చూస్తడు. నిద్రొచ్చినా పండడు."

సుప్రజ కళ్ళు తుడుచుకుంది. నాకూ నీళ్ళొచ్చాయి, కానీ నేను బీరువా వైపు తిరిగి సుద్దముక్కలు సర్దాను. పదకొండేళ్ళుగా పాటలూ పద్యాలూ చెప్తున్నాను. ఒక్క పిల్ల కూడా లేచి తన తండ్రి గురించి ఇలా చెప్పలేదు.

ఇంటికొచ్చి అన్నం పెడుతూ ఇదంతా చెప్తుంటే మా ఆయన నరసింహులు చెయ్యి కడుక్కుని, "ఏందే, గా పెంగ్విన్ ఏమన్న నీ సవతా?" అన్నాడు.

13 ఫిబ్రవరి, గురువారం

నేనూ ఒకటి చేశాను. రాత్రంతా కాదు గానీ నిన్న సాయంత్రమంతా కూర్చుని థర్మోకోల్‌తో మూడడుగుల పెంగ్విన్ చేశాను. నల్ల శాటిన్ గుడ్డ, తెల్ల శాటిన్ గుడ్డ, ముక్కుకు జరీ. షోకేసులో పెట్టొచ్చు.

పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు వకీలు అన్నాడు. ఇంకొకడు కాకి అన్నాడు. తర్వాత సుప్రజ మైనం రంగులు పంచింది. కాగితం పెంగ్విన్‌కు రంగు రుద్ది నీళ్ళు చల్లితే బొట్లు జారిపోయాయి, రుద్దనిచోట కాగితం తడిసింది. ఈకలకు నూనె ఉంటుంది, అందుకే పెంగ్విన్ తడవదు అని తేలింది. పిల్లలందరూ అటే పోయారు.

భావన ఒక్కతే వెనక్కి వచ్చింది. నా బొమ్మ మీద నీళ్ళు చల్లి చూసింది. శాటిన్ తడిసి వేలాడింది.

"ఇది చచ్చిపోతది టీచర్" అని చెప్పి వెళ్ళిపోయింది.

14 ఫిబ్రవరి, శుక్రవారం

28న సైన్సు దినం. తల్లిదండ్రులను పిలుస్తారు. సారు కూడా మెట్లెక్కి వస్తాడు. ఇన్‌చార్జి ఎవరో ఆరోజే చెప్తాడట.

ఏకులా వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో అర్థం అడిగితే ఇప్పుడు బాగా చెప్పగలను.

19 ఫిబ్రవరి, బుధవారం

ఈరోజు ఐసు ప్రయోగం. పొద్దున సుప్రజ ఫోను చేసి, "లక్ష్మిగారూ, మీ దారిలోనే దుకాణం కదా, ఒక డాల్డా పాకెట్టు తెస్తారా?" అంది. తెచ్చాను. ఆమె టీచరు, నేను సరుకులు మోసేదాన్ని.

ఒక ప్లాస్టిక్ సంచిలో డాల్డా వేసి, దాని లోపల ఇంకో సంచి దూర్చి, రెండింటి అంచులూ టేపుతో అతికించింది. చెయ్యి లోపలి సంచిలో పెడితే చుట్టూరా డాల్డా ఉంటుంది కానీ చేతికి అంటదు. రెండో చేతికి ఉత్త సంచి. గోలా బండి దగ్గర తెచ్చిన ఐసు బకెట్లో పోసి రెండు చేతులూ ముంచమంది. ఉత్త సంచి చెయ్యి పది లెక్కపెట్టేలోపు బయటికి దూకుతుంది. డాల్డా చెయ్యి యాభై దాటినా హాయిగా లోపలే ఉంటుంది. పిల్లలు పడిన సంబరం ఇంతా అంతా కాదు. ఈ ఊళ్ళో వాళ్ళకు చలి అంటే చీరల మార్కెట్లో ఏసీ ఒక్కటే తెలుసు.

"పెంగ్విన్ చర్మం కింద ఇలా కొవ్వు ఉంటుంది. అందుకే దానికి చలి తెలీదు" అని చెప్పింది. నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమంది. నాకు పనుందన్నాను.

ఖాళీ పాకెట్టు కడిగి తుడిచి నా సంచిలో వేసుకున్నాను. అలవాటు. అలాంటి కవర్లలో సూదులూ గుండీలూ దాస్తాను.

బడి వదిలే ముందు వరండాలో భావన వచ్చి, కొవ్వు అంటే ఏంది అని అడిగింది. చర్బీ అని అర్థం చెప్పాను. అంతే.

20 ఫిబ్రవరి, గురువారం

కొవ్వుకు హిందీలో చర్బీ అనే అంటారు. గుజరాతీలోనూ అదే. ఎవరినైనా అడగండి.

21 ఫిబ్రవరి, శుక్రవారం

మంగ వచ్చింది. భావన తల్లి. మార్కెట్లో చీరలు మడత పెట్టే పని. సత్సంగ్‌లో చేరినప్పటి నుంచి వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా బంద్. ఆమె వెనక ఇంకో నలుగురు తల్లులు వచ్చారు.

"పిల్లల చేతులు చర్బీల పెట్టించిన్రంట. ఏ జానవర్ది? బర్రెదా, పందిదా? జర చెప్పున్రి" అంది మంగ. గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది.

సుప్రజకు మొదట అర్థమే కాలేదు. అయ్యాక, "అయ్యో, అది డాల్డా అండీ. మనం పూరీలు వేయించుకుంటామే, అదే. నూనెతో చేసింది" అంది. పాకెట్టు ఏదన్నారు. చెత్తబుట్టలో వెతికింది. లేదు. కిందికి పరుగెత్తి కొత్త పాకెట్టు కొనుక్కొచ్చి చూపించింది.

"ఇది ఇప్పుడు కొన్నది. పిల్లలకు పెట్టింది ఏదో ఎవలు చూసిన్రు?" అని ఒకావిడ అడిగింది. సంచిలో మిగిలిన తెల్లటి ముద్ద చూపించబోతే అందరూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. చర్బీ అనుకున్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు?

సుప్రజ నా వైపు చూసింది. పాకెట్టు తెచ్చింది లక్ష్మిగారే అని ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని చూశాను. అనలేదు. మరిచిపోయి ఉంటుంది. నేను రిజిస్టరులో పేర్లు రాసుకుంటున్నాను. రాసిన పేర్లే మళ్ళీ రాశాను.

22 ఫిబ్రవరి, శనివారం

ఓనరు కాకా చెవిన పడింది. హాలు కడిగించాడు. బకెట్టు, సంచులు, కొత్త పాకెట్టు, అన్నీ బయట పారేయించాడు. ఇంకోసారి ఇలా జరిగితే హాలు ఖాళీ చేయాలన్నాడు. అరవలేదు. మెల్లగానే చెప్పాడు.

సారు ఫోను చేశాడు. సైన్సు దినం లేదు. సుప్రజను సోమవారం నుంచి రావద్దని చెప్పాడట. "ఆ అమ్మాయి తప్పు చేసిందని నేననుకోనమ్మా. కానీ బడి ఉండాలి కదా. నువ్వు చూసుకో. జూన్ దాకా ఆగడమెందుకు, ఇన్‌చార్జివి నువ్వే" అన్నాడు.

నేనేం చేశాను? అర్థం చెప్పాను. భావన, ఏ జానవర్ది అని కూడా అడిగింది నిజమే. ఏమో అన్నాను. తెలియని విషయం తెలియదనే కదా అంటాం.

24 ఫిబ్రవరి, సోమవారం

ఇన్‌చార్జిగా మొదటి రోజు. మా ఆయన దూద్ పేడాలు తెచ్చాడు. గోడల మీద పెంగ్విన్లన్నీ తీయించాను. బోర్డు మీద "పె" రాసి పెన్ను చూపించాను. అందరూ పెన్ను అన్నారు. ఎంత మెల్లగా అన్నారో.

పేడా నోట్లో పెట్టుకుంటే తీపి తెలియలేదు. పంచదార తక్కువ వేసి ఉంటాడు.

భావన రాలేదు.

25 ఫిబ్రవరి, మంగళవారం

భావన రాలేదు. ఎవరో అడిగారు, సుప్రజ టీచర్ ఎప్పుడొస్తుందని. రాదన్నాను. ఎందుకని అడిగారు. ఒళ్ళు కొవ్వెక్కి చేసే పనులకు అంతే అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కొవ్వు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

26 ఫిబ్రవరి, బుధవారం. శివరాత్రి

బడికి సెలవు. ఉపవాసం. పొద్దున గుడికి పోయి అటునుంచి అటే మంగ ఇంటికి వెళ్ళాను. ఇన్‌చార్జిని కదా, పిల్ల ఎందుకు రావడం లేదో కనుక్కోవాలి. అందుకే వెళ్ళాను.

ఒకటే గది. గోడవారగా మంగ మొగుడు రాత్రి షిఫ్టు దిగొచ్చి నిద్రపోతున్నాడు. భావన గడప దగ్గర కూర్చుని పళ్ళెంలో అటుకులు తింటోంది. ఎడమ చేత్తో.

మంగ చూసి ఆ చేతి మీద ఒకటి అంటించింది. "నాలుగు రోజుల సంది గిదే కథ అక్కా. కుడిచెయ్యి పెట్టమంటే పెట్టది. కొట్టినా పెట్టది. సబ్బేసి తోముతది, తోముతది, తోలు లేస్తున్నది చూడు."

చూశాను. కుడి చెయ్యి వేళ్ళ సందుల్లో ఎర్రగా పగిలి ఉంది. ఎడమ చెయ్యి మామూలుగా ఉంది. ఎడమది ఉత్త సంచిలో పెట్టిన చెయ్యి.

భావన ఆ కుడి చేతిని గౌను వెనక దాచుకుని నన్ను అడిగింది, "టీచర్, నా చెయ్యి ఎప్పుడు మంచిగ అయితది?"

దానికి తెలియనిది నన్నే అడుగుతుంది. ఇప్పుడూ నన్నే అడిగింది.

మంగ ఇచ్చిన మంచినీళ్ళు తాగలేదు. ఉపవాసమన్నాను. బయటికి వచ్చి నేరుగా ఇంటికి నడిచి ఈ డైరీ తీశాను.

ఆరోజు సంగతి నేను ఇక్కడ సరిగ్గా రాయలేదు. ఏ జానవర్ది అని భావన అడిగినప్పుడు నేను "ఏమో" అనలేదు. అప్పటికి ఖాళీ పాకెట్టు ఇంకా సంచిలో వేయలేదు, నా చేతిలోనే ఉంది. శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క నా బొటనవేలి కింద ఉంది. కొవ్వంటే ఇదేనే పిచ్చిదానా, డాల్డా, అని ఒక్క మాట అంటే అయిపోయేది. హాల్లో పిల్లలంతా సుప్రజ మెడకు వేలాడుతూ నవ్వుతున్నారు. ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. భావన కూడా అటే పోవాలని ఒక కాలు అటు వేసి అడిగింది.

"మీ అమ్మను అడుగు" అన్నాను.

మంగ ఏమనుకుంటుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆమె రెండు నెలల్లో సంపాదించుకున్నది నేను పదకొండేళ్ళలో సంపాదించుకోలేదని ఓర్వలేకపోయాను. నా కళ్ళల్లో నేనే నిప్పులు పోసుకున్నాను. ఆ నిప్పులు పోయి పోయి ఆ పిల్ల చేతి మీద పడ్డాయి.

27 ఫిబ్రవరి, గురువారం

పొద్దునే సారుకు ఫోను చేశాను. సాయంత్రం తల్లులందరినీ పిలిపించమన్నాను, ఓనరు కాకాను కూడా. సుప్రజను రమ్మని నేనే అడిగాను. ఎందుకని అడగకుండా వస్తానంది.

సారు ఇద్దరి భుజాలు పట్టుకుని మెట్లెక్కాడు. అందరూ కూర్చున్నాక నా సంచిలోంచి ఖాళీ పాకెట్టు తీశాను. లోపల మూడు సూదులూ ఆరు గుండీలూ ఉన్నాయి. బల్ల మీద కుమ్మరించి, పాకెట్టు మంగ చేతికిచ్చాను.

"ఆనాటి పాకెట్టు ఇదే మంగా. నేనే కొన్న, నేనే తెచ్చిన. దుకాణంల అడుగు కావాల్నంటే. ఆకుపచ్చ చుక్క చూడు. నూనెతోని చేసిందే. చర్బీ అన్న మాట సుప్రజ టీచర్ది కాదు. నాది. నీ బిడ్డ నన్నడిగితే నేను చెప్పిన."

కాకాకు సారు హిందీలో చెప్తున్నాడు. మంగ ఆ చుక్కను వేలితో రుద్ది చూసింది.

"తెలిసి గట్లెందుకన్నవ్ అక్కా?"

నిన్నటి నుంచి చాలా జవాబులు తయారు చేసుకున్నాను. పొరబాటున వచ్చిందని ఒకటి, పనిలో ఉండి ఆలోచించలేదని ఒకటి. మంగ ముఖం చూస్తే ఒక్కటీ రాలేదు.

"ఓర్వలేక" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పాకెట్టు మడిచి తన జాకెట్లో పెట్టుకుంది, ఇంట్లో మొగుడికి చూపించాలని. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

సుప్రజ దారిలో ఇంకో డాల్డా పాకెట్టు కొని తెచ్చిందట. నేనేం చెప్తానో తెలియకుండానే తెచ్చింది. గోలా బండి నుంచి ఐసు వచ్చింది. మంగ కళ్ళెదుటే సుప్రజ పాకెట్టు విప్పి సంచి తయారు చేసి, "లక్ష్మిగారూ, మీరు పెట్టండి" అంది. ఇది రెండోసారి అడగడం. ఈసారి పనుందనలేదు.

కుడి చెయ్యి పెట్టాను. భావన బకెట్టు దగ్గర గొంతుక్కూర్చుని లెక్కపెట్టింది. ఇరవై దాకా తెలుగులో, అక్కణ్ణుంచి హిందీలో. పచాస్ అన్నాక నా ముఖంలోకి చూసింది. చల్లగా లేదు. చెయ్యి తీసి చూపించాను, ముందూ వెనకా. అది ముట్టుకోలేదు. దగ్గరికి వంగి వాసన చూసింది.

అందరూ దిగిపోయాక సారు నన్ను ఉండమన్నాడు. "వెంకటలక్ష్మమ్మా, నువ్వు చెప్పావు, అది చాలు. బళ్ళో ఉంటావు. కానీ ఇన్‌చార్జివి నువ్వు కాదు" అన్నాడు. సరే సార్ అన్నాను. అనుకున్నదే. అయినా మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

కింద స్కూటీ దగ్గర సుప్రజ ఆగి ఉంది. మన్నించమన్నాను. ఆమె తాళం చెవి తిప్పుతూ, "నాకు తెలుసండీ. భావన ఆరోజే చెప్పింది, లక్ష్మి టీచర్ చర్బీ అన్నదని. ఆ మాటకు అర్థం నాకు తల్లులు వచ్చాకే తెలిసింది" అంది.

"మరి అందరి ముందు ఎందుకు చెప్పలేదు?"

"ఈ పిల్లలకి ఏ మాటకైనా అర్థం మీరు చెప్పిందే కదా. మీరు తప్పు చెప్పారని నేను అనేస్తే, రేపు వాళ్ళు ఎవర్ని అడుగుతారు? మీరే చెప్తారని ఆగాను."

ఆగిందట! ఉద్యోగం పోయినా ఆగిందట. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా పళ్ళు కొరుక్కున్నాను. ఇంత మంచితనం ఎవరడిగారు? చెడ్డదైతే ఎంత బాగుండేది, ఇద్దరం సమానంగా ఉండేవాళ్ళం. మన్నింపు అడిగి వచ్చిన మనిషికి కడుపు ఇలా మండుతుందా? నాకు మండుతోంది. ఉన్నమాట రాస్తున్నాను.

28 ఫిబ్రవరి, శుక్రవారం

సైన్సు దినం జరిగింది. అందరు తల్లులూ రాలేదు. ఇద్దరు పిల్లలను మాన్పించేశారు, నా మూలంగానే. మంగ వచ్చింది. భావనను తేలేదు.

3 మార్చి, సోమవారం

భావన వచ్చింది. చేతికి కొబ్బరినూనె రాసి పంపించారు. మధ్యాహ్నం డబ్బా తీసింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను, కనపడకుండా. కాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కుడి చేత్తో తింది. ఒక్కో మెతుకూ తీసుకుని తింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన ఏమైందన్నాడు. ఉల్లిపాయలన్నాను. "పొయ్యి మీద చాయ్ ఉన్నది గదనే" అన్నాడు.

5 మార్చి, బుధవారం

సుప్రజ ఇన్‌చార్జి. రిజిస్టరు మాత్రం నన్నే రాయమంది. నా పాత చార్టు బీరువా వెనక నుంచి ఎప్పుడు తీసిందో, ఎలుగుబంటికీ పెంగ్విన్‌కూ మధ్య కత్తిరించి, ఒకటి గోడకు పైన, ఒకటి కింద అంటించింది. కింద మూలన నా పేరు కత్తిరించకుండా ఉంచింది. చూసి మళ్ళీ మండింది.

ఈరోజు పాఠం మంచు ఎలా గడ్డకడుతుందో. చిన్న గిన్నెల్లో ఐసు, ఉప్పు వేసి, మధ్యలో నీళ్ళ గొట్టాలు పెట్టి పిల్లలు చూస్తూ కూర్చున్నారు. నేను ఐసు దంచి ఇస్తున్నాను. ఆ రోజు నుంచి నన్ను ఎవరూ అర్థం అడగలేదు. వారమైంది. లెక్క పెట్టుకుంటున్నాను.

భావన వచ్చి నా ఎదురుగా నిలబడింది. కొంగు పట్టుకోలేదు.

"టీచర్, గడ్డకట్టడం అంటే ఏంది?"

రోకలి పక్కన పెట్టాను. "జమ్ జానా. నీళ్ళు ఐసు అయితయి చూడు, అది" అన్నాను. ఇంకేమన్నా మిగిలిందా అని మనసులో తిరగేసి చూసుకుని, "అంతే, ఇంకేం లేదు" అన్నాను.

తల ఊపింది. హాల్లోకి పోయి సుప్రజ చెవిలో అడిగింది. మెల్లగానే అడిగింది గానీ పిల్లల మెల్లగా ఎంత, నాకు అంతా వినిపించింది. "టీచర్, గడ్డకట్టడం అంటే జమ్ జానా అంట. నిజమేనా?"

సుప్రజ తలెత్తి నా వైపు చూసింది. "ఎవరు చెప్పారు?"

"లక్ష్మి టీచర్."

"అయితే నిజమే" అంది సుప్రజ.

నేను ఐసు దంచుకుంటూ కూర్చున్నాను.